అత్తరు కుచ్చు సంచి

"మూడు కేజీలు ఎర్రగడ్డలు తూచి, కవరు మాత్రం ఇయ్యనంటే ఎట్లా? నెత్తిన పెట్టుకొని పోవాల్నా?"

దస్తగిర్ తలెత్తి చూశాడు. అప్పటిదాకా హిందీలో బేరమాడిన అమ్మాయి, కోపం రాగానే తెలుగులోకి దిగింది. ఒమాన్ దేశంలో, అల్ ఖౌద్‌లోని ఆ కూరగాయల అంగట్లో అతను రెండేళ్ళుగా కౌంటర్ దగ్గర నిలబడుతున్నాడు. ఉల్లిపాయల్ని బసల్ అనేవాళ్ళను చూశాడు, ప్యాజ్ అనేవాళ్ళను చూశాడు, యూనివర్సిటీ పిల్లలు ఆనియన్ అనడం విన్నాడు. ఎర్రగడ్డ అన్న మనిషిని చూడటం ఇదే మొదలు. అదీ చిలకాకుపచ్చ దుపట్టా కప్పుకొని, ముక్కు మీద కోపంతో.

"నెత్తిన పెట్టుకోవాలంటే చుట్టకుదురు కావాల," అన్నాడు. "అది కూడా మా అంగట్లో లేదండీ."

ఆ అమ్మాయి ఒక్క క్షణం తెల్లబోయి, వెంటనే తేరుకుంది. "మీది ఏ ఊరు?"

"ప్రొద్దుటూరు పక్కన పల్లె. మీది?"

"రాయచోటి. మొన్నటిదాకా ఒకే జిల్లావాళ్ళం అయ్యుండి కవరు లేదంటారా?"

"మా అమ్మ వచ్చి అడిగినా లేదనే చెప్తా. గవర్నమెంట్ ఆర్డర్. మొదట మందుల షాపులు, ఆమీదట బట్టల షాపులు, ఈ నెల ఒకటో తేదీ నుంచి మా వంతు. కవరు పంచితే జుర్మానా." అంతటితో ఆగి ఉంటే బాగుండేది. పోయిన వారం గవర్నమెంట్ ఆఫీసు నుంచి ఒకాయన వచ్చి చెప్పిపోయిన పాఠం దస్తగిర్‌కి కంఠతా వచ్చేసింది. ఎవరికైనా అప్పజెప్పాలని నాలుక దురద పెడుతోంది. "కవరు చేసేది పెట్రోలు నుంచి, మోసుకొచ్చేది పెట్రోలుతో. మన చేతిలో ఉండేది పది నిమిషాలు. మట్టిలో ఉండేది మన మనవళ్ళ మనవళ్ళ దాకా. దాని పొగంతా మన ఖాతాలోకే..."

"ఈ ఎర్రగడ్డలు యాడివి?"

"నాసిక్‌వి."

"నడిచి వచ్చినాయా?"

ఆఫీసాయన ఆ పాఠం చెప్పలేదు.

ఆ అమ్మాయి నవ్వలేదు గానీ, నవ్వాపుకోవడం మాత్రం కనిపించింది. దుపట్టా కొంగు పరిచి ఉల్లిపాయలన్నీ మూటగట్టుకొని, బయట నలభై ఐదు డిగ్రీల ఎండలోకి దిగింది. గడప దాటుతుంటే ఒక ఉల్లిపాయ జారి, అరటిపళ్ళ పెట్టె కిందికి దొర్లింది. దస్తగిర్ దాన్ని తీసి, తుడిచి, బయటికి పరిగెత్తేసరికి ఆమె సందు మలుపు తిరిగిపోయింది. ఆ ఉల్లిపాయను అతను అమ్మలేదు, వండుకోలేదు. కౌంటర్ కింద ఒక మూల పెట్టాడు. ఎందుకు పెట్టావని అడిగితే చెప్పలేడు.

రెండో రోజు సాయంత్రం ఆమె మళ్ళీ వచ్చింది. చేతిలో ఆరు తెల్లటి గుడ్డ సంచులు. ఒక్కొక్క దానికి మూతి దగ్గర చిన్న దారపు కుచ్చు.

"ఇది దిష్‌దాషా కుచ్చు కదా?" అన్నాడు దస్తగిర్. ఒమానీ మగవాళ్ళు తొడిగే ఆ తెల్లటి పొడుగు అంగీకి మెడ దగ్గర అలాంటి కుచ్చే వేలాడుతుంది. దాన్ని అత్తరులో ముంచుకుంటారు. ఇక రోజంతా మనిషి వెంట వాసన నడుస్తూ ఉంటుంది.

"మా నాయన కుడతాడు. రెండు సందుల అవతల, ఖమరుద్దీన్ మాస్టర్."

ఖమరుద్దీన్ మాస్టర్ తెలియని వాళ్ళు అల్ ఖౌద్‌లో లేరు. ఆయన కుచ్చు అల్లితే మూడు మెలికలు, ఒక ముడి. దూరం నుంచే పోల్చుకోవచ్చంటారు. ఆ అమ్మాయి పేరు జువేరియా. డిగ్రీ అయిపోయి, విజిట్ వీసా మీద మూడు నెలలు నాయన దగ్గర ఉండి పోదామని వచ్చింది.

"రోజూ సంచెడు గుడ్డ పీలికలు చెత్తలోకి పోతాండాయి. చూడలేక కుట్టినా. మీ కస్టమర్లకు ఇయ్యండి."

"గుడ్డ సంచులు చాలా మంచివి," అని దస్తగిర్ పాఠం అందుకోబోయాడు.

"అంత సంబరం వద్దులే. పత్తి పండించను ఎన్ని నీళ్ళు, నేయను ఎంత కరెంటు? గుడ్డ సంచి ఒకసారి వాడి మూలన పడేస్తే దానికన్నా నీ కవరే మేలు. వందసార్లు తిరగాల. అప్పుడే దానికి అర్థం." మీరు కాస్తా నువ్వు అయిపోయిన సంగతి ఆమె గమనించలేదు. దస్తగిర్ గమనించాడు, పైకి అనలేదు.

"అమ్మకుండా ఇచ్చి పంపితే? వాళ్ళు మళ్ళా తెచ్చియ్యాలంటే?"

"అదే నేను చెప్పేది."

"తేకపోతే?"

"పక్కింటోళ్ళు గిన్నెలో కూర పంపిస్తే మీ అమ్మ ఆ గిన్నె ఏం చేస్తాది?"

"తిరిగి ఇస్తాది. ఖాళీగా ఇయ్యదు. గుప్పెడు చక్కెరో, నాలుగు కరివేపాకు రెబ్బలో ఏసి ఇస్తాది."

"ఏ దేశమైనా వంటిల్లు వంటిల్లే," అంది జువేరియా. "చూడు, వస్తాయి."

వచ్చాయి. అంగడి యజమాని ఇస్రార్ భాయ్ హైదరాబాదీ, ఎవర్నీ ఒక పట్టాన నమ్మే రకం కాదు. వారంలో ఒక్క సంచీ తిరిగి రాదని పందెం కాశాడు. మూడో రోజే ఒక ఒమానీ ముసలమ్మ సంచి తెచ్చి ఇచ్చింది, లోపల తమ తోటలోని నిమ్మకాయలు ఐదు. కేరళ టీచరమ్మ సంచిలో అరటికాయ చిప్స్ వచ్చాయి. ఒక డ్రైవర్ ఏమీ దొరక్క చాక్లెట్ వేసి తెచ్చాడు. కుచ్చును చూసి ఒమానీలు నవ్వేవాళ్ళు, సంచి దిష్‌దాషా తొడిగిందనేవాళ్ళు. సంచి పారేయాలంటే ఎవరికీ చేతులు రాలేదు.

అలా రెండు నెలలు. ప్రతి గురువారం సాయంత్రం జువేరియా కొత్త సంచుల కట్టతో వచ్చేది. దస్తగిర్ అరగంట ముందు నుంచే టమాటాలను ఒకసారి ఇటు, ఒకసారి అటు సర్దేవాడు. ఆమె కొనేది పావుకిలో మిరపకాయలు, మాట్లాడేది ముప్పావు గంట. ఇంట్లో ఏసీ ఎంతలో పెట్టుకుంటావని నిలదీసేది. పద్దెనిమిది అంటే, అంత చలి కావాలంటే ఊటీలో పని చూసుకోమనేది. ఆ రాత్రి నుంచే దస్తగిర్ రూమ్‌లో ఇరవై నాలుగు. రూమ్మేట్లు ముగ్గురూ వారం రోజులు అతన్ని తిట్టుకుంటూ పడుకున్నారు. ఇంత చేసినవాడికి, ఫోన్ నంబరు ఇవ్వమని అడిగే ధైర్యం మాత్రం రాలేదు.

ఆఖరికి ఒక మంగళవారం ఆమె వేళకాని వేళ వచ్చింది.

"వచ్చే బుధవారం ఫ్లైట్."

దస్తగిర్ చేతిలోని దోసకాయ చేతిలోనే ఉండిపోయింది. "మళ్ళీ ఎప్పుడు వస్తావు?"

"ఎందుకు వస్తా? అమ్మ ఒక సంబంధం చూసి పెట్టింది. కువైట్‌లో పనంట. నేను పోయినాక మాట ఇచ్చుకుంటారంట." ఆమె అతని మొహంలోకి చూస్తూ నిలబడింది. ఏదో ఒకటి అనమని అడుగుతున్నట్టే ఉంది ఆ చూపు.

దస్తగిర్ దోసకాయను తూకంలో పెట్టి, "మంచిదే కదా," అన్నాడు.

జువేరియా చేతిలోని మిరపకాయల్ని తిరిగి గంపలో పోసి వెళ్ళిపోయింది. ఆ రోజు దస్తగిర్ ముగ్గురికి చిల్లర తప్పు ఇచ్చాడు.

గురువారం వస్తుందనుకోలేదు. వచ్చింది. నలభై సంచుల కట్ట కౌంటర్ మీద పెట్టి, గొంతు తగ్గించి చెప్పింది.

"ఇందులో ఒకటి అంగడికి కాదు. ఏదో నువ్వే కనుక్కో. కనుక్కున్నాక, నీకు ఇష్టముంటే నాకు తిరిగి తెచ్చియ్యి. ఖాళీగా మాత్రం తేవద్దు. ఇష్టం లేకుంటే తేనే తేవద్దు."

ఎంత చదువు లేనివాడికైనా ఆ మాట అర్థం కాకపోదు. కానీ అది గురువారం సాయంత్రం. మర్నాడు సెలవు, అంగడి నిండా జనం. పాత సంచులన్నీ జనం ఇళ్ళలో ఉన్నాయి.

"జల్దీ దే దే మియా, లోగ్ ఖడే హై," అని ఇస్రార్ భాయ్ వెనక నుంచి తొందరపెట్టాడు.

దస్తగిర్ ఒక్కొక్క సంచినీ బయటి వైపు తిప్పి చూసి ఇచ్చాడు. ఒకటే తెలుపు, ఒకటే కుట్టు, ఒకటే కుచ్చు. ఏ గుర్తూ లేదు. ముప్పై అయ్యాయి, ముప్పై ఐదు అయ్యాయి. ఆటపట్టించిందేమో అనుకున్నాడు. చిట్టచివరి సంచిలో, లోపలికి చూసే తీరిక కూడా లేక, సమాయిల్ నుంచి వచ్చే సాలిమ్ బాబాకు వంకాయలు, కొత్తిమీర వేసి పంపాడు. కొడుకును చూడటానికి అప్పుడప్పుడు వచ్చే పెద్దమనిషి. పేరు సాలిమ్, ఊరు సమాయిల్, అంతకు మించి ఆయన గురించి దస్తగిర్‌కి ఏమీ తెలియదు.

రద్దీ తగ్గాక చేతులు కడుక్కున్నాడు. పుదీనా వాసన పోయింది, అల్లం వాసన పోయింది. వేళ్ళకు ఒక వాసన మాత్రం మిగిలింది. దస్తగిర్ వేళ్ళను ముక్కు దగ్గర పెట్టుకొని అలాగే నిలబడిపోయాడు.

అత్తరు.

అంగడి సంచి కుచ్చుకు అత్తరు ఎవరు పెడతారు? కళ్ళతో వెతికాడు తెలివితక్కువవాడు, ముక్కుతో వెతకాల్సింది. ఆఖరున ముట్టుకున్నది సాలిమ్ బాబా సంచి కుచ్చే. వీధిలోకి పరిగెత్తాడు. సాలిమ్ బాబా బండి ఎప్పుడో పోయింది. సంచి ఒకచోట ఆగకూడదని, తిరుగుతూనే ఉండాలని రెండు నెలలుగా అందరికీ పాఠం చెప్పినవాడికి, ఆగాల్సిన ఒక్క సంచి తిరగడానికి పోయింది.

శుక్రవారం ఎదురుచూశాడు. సంచి రాలేదు, జువేరియా కూడా రాలేదు. శనివారం సాయంత్రం ఇక ఆగలేక ఖమరుద్దీన్ మాస్టర్ షాపుకే వెళ్ళాడు. తీరా వెళ్ళాక, మాస్టర్ కళ్ళద్దాల పైనుంచి చూస్తూ "ఏం కావాల?" అనగానే నోట్లోంచి ఊడిపడిన మాట, "దిష్‌దాషా."

"నీకా?"

"నాకే, మాస్టర్."

"కూరగాయలు అమ్మను దిష్‌దాషా ఎందుకు?"

"పండక్కి."

"ఏ పండక్కి? రెండు పండగలూ అయిపోయినాయే."

తెర వెనక నడుస్తున్న మిషన్ ఆగింది. మాస్టర్ టేపు తీసి భుజాలు కొలవడం మొదలుపెట్టాడు. దస్తగిర్ తెర వైపు మొహం తిప్పి, గట్టిగా అన్నాడు. "మాస్టర్, మా అంగట్లో ఒక సంచి పొరపాటున వేరేవాళ్ళకు పోయింది. ఇచ్చేటప్పుడు తెలీలేదు. ఆమీదట తెలిసింది."

"చేతులు చాపు," అన్నాడు మాస్టర్.

"పోతే పోనీలే," అంది తెర వెనక గొంతు. "సంచులు తిరిగేదానికే కదా. కువైట్ దాకా తిరగనీ."

"తిరగనియ్యను. తెస్తా."

"నువ్వు కదలకుండా నిలబడితే ఛాతీ కొలుస్తా," అన్నాడు మాస్టర్. కొలిచాడు. "గుండె ఇట్ల కొట్టుకుంటాంటే టేపు నిలబడదు." చీటీ మీద కొలతలు, పేరు రాశాడు. తేదీ దగ్గర ఆగి, కళ్ళద్దాల పైనుంచి మరోసారి చూశాడు. "ఎప్పటికి కావాలో తెలిసినాక చెప్పు, రాస్తా."

సోమవారం దస్తగిర్‌కి సెలవు. పొద్దున్నే టాక్సీ పట్టుకొని సమాయిల్ పోయాడు. ఖర్జూరాలు పండే కాలం. తోటల్లో చెట్టు చెట్టుకీ మనుషులు, నేల మీద పరిచిన చాపల నిండా పళ్ళు. సాలిమ్ గారి ఇల్లెక్కడ అని అడిగితే, ఏ సాలిమ్ అని అడిగారు. మిద్దె ఇంటి సాలిమ్, ఒంటెల సాలిమ్, బడి సాలిమ్. ప్రతి ఇంట్లోనూ కహ్వా కాఫీ తాగించి, ఖర్జూరాలు తినిపించి, ఆ సాలిమ్ మేము కాదని చెప్పారు. ఐదో ఇంటి ముందు ఒక ముసలమ్మ అతని గోడు విని పకపకా నవ్వింది.

"తెల్ల సంచేనా? కుచ్చు ఉన్నదేనా? అది పట్టుకొనే మా ఆయన పొద్దున అల్ ఖౌద్ పోయినాడు."

దస్తగిర్‌కి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కడుపులో ఐదిళ్ళ కహ్వాతో, నెత్తిన ఎండతో తిరిగి వచ్చాడు. అంగట్లో అడిగితే సాలిమ్ బాబా రాలేదన్నాడు ఇస్రార్ భాయ్. సాయంత్రం కాళ్ళు వాటంతటవే మాస్టర్ షాపు వైపు నడిచాయి.

లోపల సాలిమ్ బాబా దర్జాగా కూర్చొని టీ తాగుతున్నాడు. కటింగ్ టేబుల్ మీద సంచి, దాని నిండా ఖర్జూరాలు. తెర తీసి ఉంది. జువేరియా మిషన్ ముందు తల వంచుకొని కూర్చుంది.

"రా," అన్నాడు మాస్టర్. "ఈయన కుచ్చు మెలిక చూసి నా దగ్గరికి తెచ్చినాడు. అత్తరు పెట్టిన కుచ్చు అంగడిది కాదు, ఎవరో ఒకరిది, పొరపాటున తనకొచ్చింది అంటాడు." ఖర్జూరాలను పక్కకు నెట్టి, సంచి లోపలి వైపు తిప్పి చూపించాడు. లోపలంతా చిలకాకుపచ్చ అస్తరు. "ఈ దుపట్టా పోయిన రంజాన్‌కు నేను కొనిచ్చింది. ఎర్రగడ్డలు మూటగడితే చిరిగిందని చెప్పింది. ఇప్పుడు చెప్పు. ఈ సంచి ఎవరిది?"

అంగడిది అంటే సరిపోయేది. ఎవరికీ ఇబ్బంది లేదు, మాస్టర్ కూడా అంతటితో వదిలేసేవాడు. దస్తగిర్ జువేరియా వైపు చూశాడు. మంచిదే కదా అని ఒకసారి అన్నాడు. ఆ మాట ఆరు రోజులుగా అతన్ని నిద్రపోనివ్వలేదు.

"నాది, మాస్టర్," అన్నాడు. "నాకని కుట్టింది. నేను చూసుకోక ఇచ్చేసినా. పొద్దున్నుంచి దీనికోసమే సమాయిల్‌లో తిరిగినా. మీ అమ్మాయంటే నాకు ఇష్టం. ముందే చెప్పాల్సింది, నోరు రాలేదు."

మాస్టర్ కత్తెర తీసి, అక్కర్లేని దారం ఒకటి కత్తిరించాడు. "నువ్వేమంటావమ్మా?"

"సంచి కుట్టిందే నేను కదా నాయనా," అంది జువేరియా తల ఎత్తకుండా.

సాలిమ్ బాబాకు తెలుగు రాదు. అయినా ఆయనకు అంతా అర్థమైంది. గ్లాసు కింద పెట్టి గడ్డం నిమురుకున్నాడు.

"నాకు అభ్యంతరం లేదు," అన్నాడు మాస్టర్ చివరికి. "కానీ ఇంట్లో మాట ఇచ్చేది నేను కాదు, వీళ్ళమ్మ జైనబీ. ఈ సంచి అమ్మాయితో రాయచోటికి పోతాది. జరిగింది వాళ్ళమ్మకు చెప్తాది. జైనబీకి ఇష్టమైతే అందులో ఏదో ఒకటి వేసి పంపుతాది. ఖాళీగా వచ్చిందనుకో, మళ్ళీ ఈ మాట ఎత్తొద్దు. అంతదాకా ఫోన్లు గీన్లు వద్దు."

దస్తగిర్ తల ఊపాడు. సంచి దొరికితే వేద్దామని జేబులో పెట్టుకొని తిరుగుతున్నదాన్ని తీసి ఖర్జూరాల పైన వేసి, సంచిని రెండు చేతులా జువేరియాకు ఇచ్చాడు. ఆమె తొంగి చూసింది. ఎండి ముడుచుకుపోయిన ఉల్లిపాయ.

"ఇదేంది?"

"మొదటి రోజు జారిపోయిందే, అదే. రెండు నెలలు దాచినా."

జువేరియా ఈసారి నవ్వు ఆపుకోలేదు. కళ్ళలో నీళ్ళు తిరుగుతుంటే నవ్వింది. ఎర్రగడ్డ ఘాటు అంది, ఎండిపోయిన దానికి ఘాటెక్కడిదని ఎవరూ అడగలేదు.

బుధవారం విమానం వెళ్ళిపోయింది. ఆ తర్వాత మూడు వారాలు అంగట్లోకి సంచులు వస్తూనే ఉన్నాయి, నిమ్మకాయలతో, పుదీనాతో, ఇంటి రొట్టెలతో. దస్తగిర్ ప్రతి సంచీ తీసుకొని కుచ్చు వాసన చూసేవాడు. కస్టమర్లు ఇదేదో కొత్త రూలనుకున్నారు.

నాలుగో వారం, రాయచోటిలో సెలవు గడిపి వచ్చిన అక్తరీ బేగం అంగట్లోకి వచ్చింది. మాస్టర్ షాపు పక్కింట్లో వంటపని చేసే ఆవిడ. హ్యాండ్‌బ్యాగ్‌లోంచి నాలుగు మడతలు పెట్టిన తెల్లటి సంచి తీసి కౌంటర్ మీద పెట్టింది. "జైనబీ ఇమ్మనింది నాయనా," అని, బెండకాయలు ఏరుకోవడానికి లోపలికి పోయింది.

సంచి పలచగా, చదునుగా ఉంది. ఏదైనా ఉన్న సంచి అలా మడత పడదు. దస్తగిర్ మడత విప్పాడు, లోపల చెయ్యి పెట్టాడు. ఏమీ లేదు. చెయ్యి తీయబుద్ధి కాలేదు. ఆ చిలకాకుపచ్చ గుడ్డ మీదే వేళ్ళు ఉంచి నిలబడ్డాడు. ఇక ఈ మాట ఎత్తకూడదు అనుకున్నాడు, మాట ఇచ్చాడు కాబట్టి.

అప్పుడు తగిలింది. అస్తరు మూలన ఒక చిన్న జేబు. ఇంతకుముందు లేదు, కొత్తగా కుట్టింది. కుట్టు వంకరటింకరగా ఉంది, జువేరియా కుట్టు కాదు. చత్వారం వచ్చిన కళ్ళతో ఎవరో పెద్దావిడ కుట్టింది. అందులో, కాగితంలో చుట్టిన రెండు కలకండ ముక్కలు.

వాళ్ళ వైపు సంబంధం ఖాయమైతే ముందు నోరు తీపి చేస్తారు. దస్తగిర్ ఒక ముక్క నోట్లో వేసుకొని, అంగడి ఇస్రార్ భాయ్‌కి వదిలేసి, రెండు సందులూ పరుగెత్తాడు. రెండో ముక్క మాస్టర్ చేతిలో పెట్టాడు. మాస్టర్ దాన్ని చప్పరిస్తూ, గోడ మేకుకు గుచ్చిన చీటీల్లోంచి దస్తగిర్ కొలతల చీటీ వెతికి తీశాడు.

"తేదీ?" అన్నాడు.

"మీ ఇష్టం, మామా," అన్నాడు దస్తగిర్.

ఆ సాయంత్రం రద్దీలో ఒకాయన కౌంటర్ వెనక విడిగా వేలాడుతున్న సంచి వైపు చెయ్యి చాపాడు. మిగతావన్నీ అయిపోయాయి, అదొక్కటే ఉంది.

"అది ఇయ్యనండీ," అన్నాడు దస్తగిర్. "అది అంగడిది కాదు."